చూశానని చెప్పిన చెరకు తోట

డ్రోన్ పని ఎలా మొదలుపెట్టాలో చెప్పమని అడిగేవాళ్లు ఈమధ్య పెరిగారు. నేను నిజామాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. పిట్టలను లెక్కపెట్టేవాళ్లు, చెరువులో గుర్రపుడెక్క ఎంత మేర పాకిందో చూడాలనుకునేవాళ్లు ఎవరి ద్వారానో నా నంబరు తీసుకుని ఫోన్ చేస్తారు. ఏది కొనాలి, ఎక్కడ ఎగరేయొచ్చు, ఎంత ఎత్తులో ఉంచాలి అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. చెప్పకుండా దాచుకున్న సంగతి ఒకటుంది. మా అక్క పోయి ఏడు నెలలైంది. ఆమె ఉండగా ఆమెకు కూడా చెప్పలేదు.

డ్రోన్ కొని రెండేళ్లు దాటింది. పావుకిలో కన్నా తక్కువ బరువున్న చిన్నది. అంతకు మించితే లైసెన్సు కావాలన్నారు, అందుకని దానితోనే సరిపెట్టుకున్నాను. మాక్లూర్ వైపు ఒక స్నేహితుడి బీడు భూమిలో నేర్చుకున్నాను. మొదటి వారం గాలికి అది పక్క పొలంలోకి కొట్టుకుపోయి, ఉడికించి ఎండబోసిన పసుపు కొమ్ముల మధ్య పడింది. అక్కడ పసుపు ఏరుతున్న ఒక పెద్దావిడ దాన్ని చీర కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"కొత్త బండికి పసుపు పూయనీకి మా కల్లానికే రావాల్నా సారూ?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో దేనికైనా నవ్వు వచ్చేది.

ఆ ఎండాకాలం అటవీ ఆఫీసులో అడిగి కందకుర్తి దగ్గర నదిలో బయటపడే ఇసుక దిబ్బల మీద గూళ్లు లెక్కపెట్టాను. దూరంగా ఉండి పైకి లేపాలి, ఎత్తుకు వెళ్లాకే దిబ్బ మీదికి నెమ్మదిగా తేవాలి, కిందికి దించకూడదు. ఒక్క పిట్ట లేచినా వెనక్కి రావాలి. తల్లి లేచిన గుడ్డు ఆ ఎండలో ఎంతోసేపు నిలవదు. ఇవన్నీ పాటించాను, ఒక్క గూడు కూడా చెదరలేదు. ఇసుక మీద ప్రతి గుడ్డూ ఫోటోలో స్పష్టంగా కనిపించింది. పైనుంచి చూస్తే ఏదీ దాగదన్న నమ్మకం నాకు అక్కడ పుట్టింది. ఇసుక వరకు అది నిజమే.

అక్కా బావా బోధన్ దగ్గర ఒక ఊళ్లో వ్యవసాయం చేసేవాళ్లు. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చాలామంది చెరకు తీసేసి వరికి మారారు. వీళ్లు కాలువ పక్కన మూడెకరాల చెరకు మాత్రం ఉంచుకున్నారు. ఆ చెరకు ఇప్పుడు దూరాన ఇంకో ఫ్యాక్టరీకి పోతుంది. ఫలానా రోజు కోయాలని అక్కడినుంచి కబురు వస్తుంది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కోత కూలీలు గుడిసెలు వేసుకుని ఉంటారు. వాళ్ల ముఠా పెద్దను ముకద్దం అంటారు.

కోతకు ముందు రోజు పొద్దున అక్క తోటలోకి దిగేది. రోడ్డు వైపు నుంచి కాలువ వైపుకి ఒక్కో సాలూ పట్టుకుని, కట్టెతో చెరకు గడలను కొడుతూ నడిచేది. చెరకు ఏడాది పంట. ఆ ఏడాదిలో కుందేళ్లు, ముంగిసలు, పాములు, నక్కలు అందులో కాపురం పెడతాయి. కోతవాళ్లు చుట్టూరా కోసుకుంటూ లోపలికి వస్తే అవన్నీ చివరికి నడిమి ముక్కలో ఇరుక్కుంటాయి. అక్క వాటితో మాట్లాడుతూ పోయేది. "లెవ్వుండ్రి, రేపు కోతున్నది. ఇల్లు ఖాళీ జెయ్యుండ్రి" అనేది, అద్దెకున్నవాళ్లతో అన్నట్టు. కాలువ వైపు మాత్రం చివరిదాకా కోయనిచ్చేది కాదు, అవి అటు పోవాలని. ఆకు కాల్చడానికి కూడా ఒప్పుకునేది కాదు. నిలబడి ఉన్న తోటకు నిప్పు పెడితే ఎండాకు కాలిపోయి గడలు మిగులుతాయి, కోత త్వరగా అవుతుంది. అందరూ చేసే పనే అది. ఆమె చేయనిచ్చేది కాదు, అంతే.

కిందటేడు జనవరి చివర అక్క ఫోన్ చేసింది. అప్పటికే మోకాళ్లు పనిచేయడం మానేశాయి. ఇంట్లో కూడా గోడ పట్టుకునే నడుస్తోంది.

"తమ్మీ, జంగపిల్లి తోటలకు పోతుంటె సూసిన. నోట్ల ఏదో పట్టుకొని గట్టు దిగింది. ఎలుక గాదు, మెత్తగ ఏలాడుతుండె. పిల్లనే."

"ఎటు దిక్కు పోయింది?"

"తోటలకు పోయిందంటె ఎటని సెప్పాలె? నేను దిగి నడుస్తనంటె మీ బావ కట్టె దాసిపెట్టిండు. నీ గాలిమోటర్ దెచ్చి సూడరాదు?"

కోత ఎల్లుండి. ముఠాలో మూడు జంటలు ఊరికి వెళ్లిపోయాయి. ఉన్నవాళ్లతో పచ్చి తోట కోస్తే లారీ వచ్చే వేళకు సగం కూడా కాదు, ఆకు కాల్చనిస్తేనే కోస్తానని ముకద్దం అన్నాడట. పిల్లి లేదని తేలితే కాల్చనిస్తానని అక్క ఒప్పుకుంది. ఆ తేల్చే పని నాకు అప్పజెప్పింది.

మర్నాడు పది గంటలకు వెళ్లాను. నా దగ్గర రెండు బ్యాటరీలు. కారు దిగేసరికి కూలీలు గుడిసెల దగ్గర అన్నాలు తింటున్నారు. డ్రోన్ పెట్టె తెరవగానే చుట్టూ చేరారు. ముకద్దం యాభై ఏళ్ల మనిషి, తెలుగు హిందీ కలిపి మాట్లాడతాడు.

"సార్, ఒకపారి మా ఫోటో తియ్యుండ్రి. ఊర్ల సూపిస్త, ఇమానంల నుంచి తీసిండ్రని."

"ముందు నీ మీసం దువ్వుకో. పైకెల్లి అదే కనవడుతది" అంది ఒక కూలీ ఆమె.

వీడియో తీశాను. ఒకసారి గుడిసెల మీదుగా, ఒకసారి ఎద్దుల బండి మీద నిలబడిన ముకద్దం చుట్టూ, ఇంకోసారి అందరూ చేతులూపుతుండగా. వాళ్లు తమను తాము పైనుంచి చూసుకుని మురిసిపోతుంటే నాకు బాగుంది. మొదటి బ్యాటరీ అక్కడే అయిపోయింది.

రెండో దానితో తోట మీదికి వెళ్లాను. రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టి వరసగా చూస్తూ పోయాను. ఆకు ఆకు కలిసిపోయి ఉంది. వేడిని పట్టే కెమెరాలున్న డ్రోన్లు ఉంటాయి, నాది మామూలుది. తెరమీద ఆకులు, గాలికి అలలు, ఒకచోట తెల్ల కొంగ. గాలి ఎక్కువై బ్యాటరీ అనుకున్న దానికంటే త్వరగా తగ్గింది. కాలువ పక్క పదిహేను సాళ్లు మిగిలి ఉండగా బ్యాటరీ అయిపోతోందని కూత మొదలైంది. వెనక్కి దించాను. ఛార్జర్ తేలేదు, నిజామాబాద్ ఇంటికెళ్లి బ్యాటరీ ఎక్కించుకుని రావాలంటే సాయంత్రమవుతుంది. ఇంత చూస్తే ఏమీ లేదు, ఆ కాస్తలో ఏముంటుంది అనుకున్నాను.

అక్క గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"అంత సూసినవా?"

"సూసిన అక్కా. ఏం లేదు."

"కాలువ దిక్కు గూడ?"

"అంత సూసిన."

"అయితే నీ మాట మీదనే అగ్గి పెట్టనిస్తున్న" అంది. ముకద్దంను పిలిచి రేపు కాల్చుకోమంది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. రోడ్డు వైపు అంటించారు. ఎండాకు మంట ఎంత త్వరగా పరుగెత్తుతుందో చూసినవాళ్లకే తెలుసు, మాట్లాడుకునే మాటలు కూడా వినబడవు. సగం తోట అంటుకున్నప్పుడు కాలువ వైపు నుంచి జంగపిల్లి బయటికి వచ్చింది. నోట్లో ఒక పిల్ల. గట్టెక్కి అవతలి తుప్పల్లోకి పోయి, మరుక్షణమే ఖాళీ నోటితో తిరిగి వచ్చింది. అప్పటికి మంట కాలువ దాకా వచ్చేసింది. అది గట్టు మీద అటూ ఇటూ తిరిగింది. రెండుసార్లు కిందికి దిగి వేడికి వెనక్కి వచ్చింది. అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.  ఎవరైనా ఏదైనా చేయగలిగింది లేదు.

చల్లారాక బావ లోపలికి వెళ్లాడు. కాలువ నుంచి ఎనిమిదో సాలులో రెండు పిల్లలు ఉన్నాయి. నేను చూడని సాళ్లలో. గోనె పట్టాలో పెట్టుకుని తెచ్చాడు. ముకద్దం తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత పట్టుకుని అక్క ముందుకు వచ్చాడు.

"చూక్ ఝాలీ, బాయీ" అన్నాడు. తప్పయిపోయిందమ్మా అని.

అతని తప్పేమీ లేదు. తప్పు చేసినవాడిని నేను, పక్కనే నిలబడి ఉన్నాను. అక్క నా వైపు తిరిగింది. ఇప్పుడు అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పేవాడినేమో.

"మిషన్‌కు కనవడకపోతె నువ్వేం జేస్తవు తమ్మీ" అంది.

నేను తల ఊపాను. నేరం మిషన్ మీదికి పోతుంటే పోనిచ్చాను. పిల్లలను గట్టు కింద పూడ్చాం. గుంట బావ తవ్వాడు.

ఆ తర్వాత అక్క ఆ విషయం ఎత్తలేదు. నేను ఆదివారాలు వెళ్లినప్పుడు చర్చి నుంచి వచ్చాక కలిసి తినేవాళ్లం. చెప్పడానికి చాలా ఆదివారాలు దొరికాయి. వానాకాలం నడుమ, ఒక మధ్యాహ్నం, బియ్యం చెరుగుతూ చాట మీదికి ఒరిగిపోయింది. గుండె అన్నారు. నేను చేరేసరికి బావ ఆమె తల పక్కన కూర్చుని నేల మీద చెదిరిన బియ్యం ఏరుతున్నాడు.

నలభయ్యో రోజు ప్రార్థనలో పాస్టర్ గారు ఆమెకు మూగజీవాల మీద ఉన్న దయ గురించి చెప్పారు. తమ్ముడు కూడా అదే దారిలో నడుస్తున్నాడనీ, యంత్రం తెచ్చి ప్రాణులను కాపాడుతున్నాడనీ అన్నారు. నేను తల దించుకున్నాను. పక్కనున్నాయన దుఃఖమనుకుని భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఇంటి ముందు డ్రోన్ రెక్కలు మార్చి కొంచెం పైకి లేపి చూస్తుంటే ఒకటి గమనించాను. వీధి పిల్లి ఒకటి మా స్కూటర్ కిందికి దూరి నేలకు అతుక్కుపోయింది. డ్రోన్ మోగినంతసేపూ కదలలేదు. దించి ఆపాక కూడా కాసేపు అలాగే ఉంది. నేను అటు నడిచేసరికి ఒక్క దూకుతో పారిపోయింది. రెండు మూడు రోజులు అదే చేసి చూశాను, ప్రతిసారీ అంతే. నేలమీద వచ్చేదాన్ని చూసి పారిపోతాయి, ఆకాశంలో వచ్చేదానికి దాక్కుంటాయి. గద్దకు దాక్కున్నట్టు. అక్క కట్టె వాటిని బయటికి పంపేది. నా డ్రోన్ వాటిని ఇంకా గట్టిగా అదిమిపెట్టి ఉంటుంది. జంతుశాస్త్రం పాఠం చెప్పేవాడికి ఇది ముందే తట్టాల్సింది.

అంటే ఆ పదిహేను సాళ్ల మీదుగా ఎగరేసినా నాకు కనిపించేది ఆకే. ఒక రోజంతా ఈ ఆలోచనతో మనసు తేలికపడింది. మర్నాటికి ఆ తేలికదనం పోయింది. "అంత సూసిన" అన్నప్పుడు నాకు ఇదేమీ తెలియదు. చూడలేదని మాత్రం తెలుసు. చూడలేదని చెబితే అక్క నిప్పు పెట్టనిచ్చేది కాదు.

ఈ జనవరిలో, మోళ్ల నుంచి మళ్లీ పెరిగిన తోట కోతకు వచ్చింది. నేను వెళ్లి బావతో అంతా చెప్పాను. ఆయన కాలువ దగ్గర మోటారు స్టార్టర్ విప్పి బాగుచేస్తున్నాడు. బ్యాటరీ సంగతి, వీడియో సంగతి, ఎనిమిదో సాలు సంగతి చెప్పాను. ఆయన స్క్రూ బిగించడం ఆపలేదు.

"గిది ఆమెకు సెప్పేది ఉండె" అన్నాడు చివరికి.

"అవును బావా."

"నాకు సెప్తె ఏమొస్తది? నేను మాఫ్ జేసినా అది నా మాటనే అయితది, ఆమెది గాదు గద."

 ఆయన స్టార్టర్ మూత పెట్టి ఇంట్లోకి వెళ్లిపోయాడు. అన్నం తినమని పిలవలేదు. ముప్పై ఏళ్లలో పిలవకపోవడం అదే మొదటిసారి.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. "బేస్తారం కోత. రా" అని పెట్టేశాడు.

గురువారం పొద్దున్నే రెండు బ్యాటరీలు, ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్న మూడోదీ నింపుకుని వెళ్లాను. మొదటి సాలు నుంచి చివరి సాలు దాకా చూశాను. ఆకులే కనిపించాయి. ఆ తర్వాత సాళ్లలో దిగి నడవబోతే తోట వంగి అల్లుకుపోయి ఉంది, నాలుగు సాళ్లకు మించి నావల్ల కాలేదు. మొహం, చేతులు ఆకు కోసుకుని మండుతుండగా బయటికి వచ్చాను. బావా, ముకద్దం గట్టు మీద నిలబడి ఉన్నారు. ఈసారి కూడా ముఠాలో మనుషులు తక్కువే. కాల్చాలా వద్దా అన్న మాట నా దగ్గరే ఆగింది.

"ఉన్నదా, లేదా?" అన్నాడు బావ.

"తెల్వది బావా."

"అంత సూసినవు గద?"

"పైకెల్లి అంత సూసిన. కిందికెల్లి నాలుగు సాళ్లే. లేదని మాత్రం సెప్పలేను."

ముకద్దం ఏదో అనబోయాడు. బావ చెయ్యెత్తి ఆపాడు. నా చేతుల మీది గీతల వైపు ఒకసారి చూశాడు.

"అగ్గి పెట్టొద్దు. పచ్చిదే కొయ్యుండ్రి. లారీ ఆగుతది" అన్నాడు.

కోత మూడు రోజులు పట్టింది. కాలువ వైపు చివరి సాళ్లు కోస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. జంగపిల్లి రాలేదు. ఉండి, ముందే వెళ్లిపోయిందో, అసలు లేదో నాకు తెలియదు.