గోటికింద తెగులు

త్రిమూర్తులుకి రోత ఎక్కువ. పక్కవాడు నోరు పెట్టి తాగిన సీసా ముట్టడు. అన్నంలో వెంట్రుక కనబడితే ఆ పూట పస్తే. బస్సులో ఎవరైనా గళ్ళ కాకరిస్తే దిగేదాకా ముఖం కిటికీకి ఆనించుకుని కూచుంటాడు. రాజోలు దగ్గర గోదావరి లంకలో పొగాకు చేల మధ్య పెరిగాడు, నలభై దాటాక గల్ఫుకి వచ్చాడు. ఇప్పుడు కల్బా అవతల ఒక మజ్రాలో, అంటే తోటలో, పని. అతను చెప్పే కథ ఏదైనా ఒక కంపుతోనే మొదలవుతుంది. నేను ఓపిగ్గా వింటాను. కంపు దాటాకే అసలు సంగతి వస్తుందని నాకు తెలుసు.

రెండువేల ఇరవైలో అతను అబుదాబి పక్క ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేట వెనక, కూలీల క్యాంపులో ఉండేవాడు. ఆ కథ కక్కసుతో మొదలవుతుంది. వరస గదులన్నిటికీ కలిపి కట్టిన కక్కసులు, నీళ్ళు రాని కుళాయి, నేలమీద ఎవరిదో తెలియని వాంతి. దగ్గు ఒక మంచం మీద మొదలై పై మంచానికి ఎక్కి, పక్క మంచానికి దిగింది. అతనికీ వచ్చింది. జ్వరం కంటే ముందు ముక్కు పోయింది.

“ఆ రోగం నాకు చేసిన ఉపకారం అదొక్కటేనండి, ఆయ్. అంత కక్కసులోనూ ఏ వాసనా లేదు. గుళ్ళో నిలబడ్డట్టుండేది.”

ఆ ఉపకారం ఎంతోకాలం నిలవలేదు. ముక్కు తిరిగొచ్చింది గానీ వంకరగా వచ్చింది. ఉల్లిపాయ వేగుతుంటే మురిక్కాలవ, టీ తాగబోతే కుళ్ళిన గుడ్డు. నెలల తరబడి ముక్కు మూసుకుని, గొంతులోకి తోసుకుని తిన్నాడు. అప్పటినుంచి అతని నడుముకి శానిటైజర్ సీసా ఒకటి వేలాడుతూ ఉంటుంది. వైరస్ అంటే మురికిలో పుట్టేది, ఆ జెల్లు తగిలితే చచ్చేది. అతని శాస్త్రం అంతే. మరుసటి ఏడు కల్బాకి మారాడు, సీసాతో సహా.

మజ్రాలో గ్రీన్‌హౌసు టమాటా. మొక్కని తాడుకి చుట్టి ఒంటికాండంగా పైకి పాకిస్తారు. ఆకు సందుల్లో వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. అందరూ కత్తెర వాడతారు, త్రిమూర్తులు గోటితో గిల్లుతాడు. లంకలో చిన్నప్పటినుంచీ పొగాకు పిలకలు గిల్లిన చెయ్యి అది. ఎడమచేత్తో మొక్కని పట్టుకుని బొటనవేలి గోరు ఇలా ఆనిస్తే పిలక అలా రాలిపోయేది. కత్తెరవాళ్ళు ఒక వరస ముగించేలోగా అతను రెండోది సగానికి తెచ్చేవాడు. తోట వ్యవహారమంతా చూసే ముదీర్, ఫరాజ్ అనే పాకిస్తానీ, కొత్తగా చేరినవాళ్ళని తీసుకొచ్చి ఆ గోరు చూపించేవాడు.

పొద్దుటి విరామంలో చుట్ట. ఊరినుంచి వచ్చేవాళ్ళ సామానులో లంక పొగాకు తెప్పించుకుని, ఆకు తడిపి, ఈనె తీసి, తొడమీద పెట్టి తనే చుట్టుకుంటాడు. కాల్చేది గ్రీన్‌హౌసు బయటే. నమలడు, ఉమ్మడు, పీక ఎక్కడా పారెయ్యడు. అయ్యాక సీసా నొక్కి చేతులు రుద్దుకుని, లోపలికెళ్ళి తలుపు దగ్గరి మొక్కతో పని అందుకుంటాడు. ఆ మజ్రాలో తనకంటే శుభ్రమైన మనిషి లేడని అతని నమ్మకం.

రాయచోటి సనావుల్లా వచ్చింది రెండువేల ఇరవై రెండులో, ఎండలు తగ్గాక. దైద్ వైపు అతను పనిచేసిన తోటలో టమాటా అంతా తెగులొచ్చి పోతే, యజమాని తోటే మూసేశాడట. ఇద్దరికీ ఒకే గది. వంట త్రిమూర్తులుది, గిన్నెలు కడగడం సనావుల్లాది. సనావుల్లా ముక్కు రెండు వేళ్ళతో చీది, విదిలించి, వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుంటాడు. మంచం మీద కూచుని కాలిగోళ్ళు కొరుకుతాడు. కాలిగోళ్ళండి, నోటితో, అని త్రిమూర్తులు నాకు రెండుసార్లు చెప్పాడు, మొదటిసారి నమ్మలేదేమోనని.

ఆ చలికాలం అర్బాబు, అంటే తోట యజమాని, పెంచే మేకలకి పారుడు రోగం తగిలింది. కళ్ళు పుసులతో అతుక్కుపోయి, ముక్కులోంచి చిక్కటి పసుపు చీమిడి కారి పెదాలమీద పెచ్చు కట్టింది. వెనక కాళ్ళ పొడుగునా ఆకుపచ్చ నీళ్ళ విరేచనం. దొడ్డి పక్కనుంచి నడిస్తే చెప్పు అతుక్కునేది. ఒక మేక ముక్కు చీదితే పక్కది ఆ తుంపరలోనే గడ్డి తినేది, మర్నాటికి దానికీ కారేది. ఒక పిల్లకి ఊపిరాడకపోతే సనావుల్లా ఉత్తి వేలు దాని ముక్కులో పెట్టి, తాడులా సాగిన చీమిడిని లాగి పారేశాడు. వేలు ప్యాంటుకి రాసుకున్నాడు. కత్తెర తీసుకుని టమాటాల్లోకి వెళ్ళాడు. అది చూసిన త్రిమూర్తులు గోడ వారకి పోయి డోక్కున్నాడు.

జనవరిలో టమాటా ఆకులు మారాయి. తడిగోడ మీద పాచిలా లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు. చిగుళ్ళు సన్నగా మెలితిరిగి కోడికాళ్ళలా వచ్చాయి. కాయ పండబోతూ గోధుమరంగు మరకలు వేసుకునేది, కోస్తే లోపల గోడలన్నీ నల్లగా ఉండేవి. ఏరి పారేసిన కాయలు వెనక గుట్టగా పడి పులిసి, నురగ కట్టి, ఈగలతో గుయ్యిమన్నాయి. అర్బాబు వచ్చి చూసి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఫరాజ్ అందర్నీ నిలబెట్టి, ఈ రోగం ఎవడు తెచ్చాడో వాడు వెళ్ళిపోవాలన్నాడు.

ఎవరూ అడక్కుండానే త్రిమూర్తులు చెప్పాడు. ముక్కు, ప్యాంటు, మేకపిల్ల, దైద్ తోట. మేక చీమిడి తెచ్చి మొక్కలకి పూశాడని చెప్పాడు. ఫరాజ్‌కి అదంతా సబబుగానే అనిపించింది. మొక్కల డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళగానే సనావుల్లా వీసా రద్దు అన్నాడు. రెండో తోటనుంచి కూడా తెగులు పేరు చెప్పి పంపేస్తే వీసా ఇచ్చే మూడో కఫీల్ ఎవడూ చేర్చుకోడు. ఆ సంగతి గదిలో ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం సనావుల్లా అరవలేదు. గిన్నెలు తోముతూ అడిగాడు.

“మామా, నేను ముక్కు చీదేది నిజం. మేకపిల్లకు శ్వాస ఆడల్యా, తీసినా. దానికి టమాటా సచ్చిపోతాదా?”

“మురికిలోంచి కాకపోతే రోగం ఎక్కణ్ణుంచి వస్తదిరా? ఆకాశంలోంచా?” అన్నాడు త్రిమూర్తులు.

మొక్కల డాక్టరమ్మ పేరు అలేఖ్య. హైదరాబాదు పిల్ల, దుబాయ్‌లో ఉద్యోగం. చేతులకి తొడుగులు, బూట్లకి సంచులు వేసుకుని లోపలికెళ్ళి, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. వచ్చాక ఒక ఆకు ముక్కని చిన్న సంచిలో ద్రవంతో నలిపి, అందులో సన్నటి పట్టీ ముంచింది. రెండు గీతలు వచ్చాయి. కరోనా రోజుల్లో క్యాంపుల్లో బతికినవాళ్ళకి రెండు గీతలంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. వైరస్. పొగాకుకీ టమాటాకీ వచ్చే మొజాయిక్ తెగులు అంది.

ఫరాజ్‌కి ఇంగ్లీషులో చెప్పి, తెలుగువాళ్ళని చూసి తెలుగులోకి వచ్చింది. మేకల రోగమా అని త్రిమూర్తులు అడిగాడు.

“కాదన్నా. మేకల రోగం మొక్కలకు రాదు, మొక్కలది మనకు రాదు. ఒక్కోదానికి ఒక్కో ఇల్లు, ఒక్కో తొవ్వ. కరోనాకు మన ఊపిరి కావాలె. పారుడుకు మేక చీమిడి కావాలె. దీనికేం కావాల్నో తెలుసా? చెయ్యి.”

ఆ తర్వాత ఆమె చెప్పినదంతా త్రిమూర్తులు నాకు అప్పజెప్పాడు. నాకు తెలియనిది నేను చదివి కలుపుకున్నాను. వైరస్ తనంతట తాను తినదు, పెరగదు, కదలదు. ఎండిన ఆకులో ఏళ్ళ తరబడి దుమ్ములా పడి ఉంటుంది. మొక్కకి గాటు పడితే, ఆ గాటులోంచి లోపల దూరి, మొక్క తనకోసం నడుపుకునే పనిని తన పిల్లల కోసం నడిపిస్తుంది. తెగులు సోకిన మొక్కని గిల్లిన వేలిమీది రసం పక్కమొక్క గాటుకి తగిలితే చాలు. జెల్లు రాసుకుంటున్నామండీ అని త్రిమూర్తులు సీసా చూపించాడు. కరోనా ఒంటిమీద కొవ్వు పొర ఉంటుంది, జెల్లు దాన్ని కరిగిస్తుంది, దీనికి ఆ పొరే లేదు, దీనికి మీ జెల్లు స్నానం చేయించినట్టే అందామె.

ఆమె ఇంకొకటి గమనించింది. జబ్బు మొక్కలు తలుపు దగ్గర చిక్కగా ఉండి, లోపలికి పోయేకొద్దీ పలచబడుతున్నాయి. పురుగు తెచ్చిన తెగులైతే ఇలా వరస కట్టదు. ఎవరో బయట చేతికి అంటించుకుని వచ్చి ఇక్కడ మొదలుపెడుతున్నారు. పాత తోట బట్టలు కావచ్చు, కత్తెర కావచ్చు, పొగాకు కావచ్చు. ఎండు పొగాకులోనూ ఉంటుంది ఇది, అంది. లోపల ఎవరైనా పొగాకు వాడతారా అని ఫరాజ్ అడిగాడు. లేదు అన్నారు అందరూ. అది నిజమే. పాత తోట అనే మాట పట్టుకుని ఫరాజ్ సనావుల్లా వైపు చూసి, సాయంత్రం పాస్‌పోర్టు పని చూసుకోమన్నాడు.

త్రిమూర్తులు తన బొటనవేలు చూసుకున్నాడు. గోటికింద నల్లగా, జిగటగా, తడి పొగాకు రసం. ఎన్నిసార్లు జెల్లు రాసినా పోనిది. పోవాలని అతను ఏనాడూ అనుకోనిది, లంక మనిషికి అది ఒంటి రంగు లాంటిది. ఆ గోరు ఆన్చిన ప్రతి మొక్కా కళ్ళ ముందు వరసగా నిలబడిందట.

“మేక ముక్కులో వేలెట్టాడని వాణ్ణి చూసి డోక్కున్నానండి. నా గోరు చూసుకుంటే డోకు కూడా రాలేదు. లోపలికే పోయింది.”

గదికి పోయి, ఈ చలికాలం ముందే ఊరినుంచి వచ్చిన కొత్త పొగాకు కట్టని పరుపుకిందనుంచి తీశాడు. అలేఖ్య అప్పటికే కారులో సామాను సర్దుకుంటోంది. ఒక ఆకు చించి ఇచ్చి, ఇది కూడా ఒకసారి చూడమ్మా అన్నాడు. ఆమె తొడుగులు మళ్ళీ వేసుకుంది. నలిపి, పట్టీ ముంచింది. మొదటి గీత వెంటనే వచ్చింది. రెండోది రాదేమోనని అతను ఒక్క క్షణం ఆశపడ్డాడు. తర్వాత అదీ వచ్చింది.

ఫరాజ్ దగ్గరికి వెళ్ళి తనకొచ్చిన హిందీలో చెప్పాడు. “ముదీర్ సాబ్, యే మేరా హాథ్. సనా కా నహీ.” ఈ చెయ్యి నాది, సనాది కాదు.

ఫరాజ్ ఆ చేతిని అందుకుని చూశాడు. కొత్తవాళ్ళకి పట్టుకుని చూపించిన గోరే అది. చూసి, తన అరచెయ్యి కుర్తాకి తుడుచుకున్నాడు. “ఖలాస్. సబ్ ఉఖాడో,” అన్నాడు. అయిపోయింది, అన్నీ పీకెయ్యమని.

పీకింది అందరూ కలిసి. బాగున్న మొక్కనీ జబ్బు మొక్కనీ ఒకటిగా కుదుళ్ళతో సహా లాగి, ప్లాస్టిక్ సంచుల్లో కుక్కారు. కాయలు చేతుల్లో పగిలి మోచేతుల దాకా కారేవి. ఎండకి సంచులు ఉబ్బి, మూతులు విచ్చుకుని, లోపలినుంచి పుల్లటి కుళ్ళు నురగ పొంగింది. ఆ కంపు బట్టల్లోకి, జుట్టులోకి, అన్నంలోకి వచ్చింది. త్రిమూర్తులు ఆ రోజుల్లో చెంచాతో తిన్నాడు. పుట్టాక అన్నం చెంచాతో తినడం అదే మొదలు.

సనావుల్లా వీసా రద్దు ఆగిపోయింది. కొత్త మొక్కలు అతని చేతికి వచ్చాయి. ఇప్పుడు వరస వరసకీ పాలపొడి కలిపిన నీళ్ళ గిన్నె ఉంటుంది, మొక్క మొక్కకీ మధ్య చేతులూ కత్తెరా అందులో ముంచాలి. పాలలోని మాంసకృత్తు వైరస్‌ని చుట్టుకుని అంటకుండా చేస్తుందట. గ్రీన్‌హౌసు వేడికి ఆ పాలు పూట గడవకముందే విరిగి, చేతులమీద ఎండి, పసిపిల్లాడు కక్కిన వాసన వేస్తాయి. త్రిమూర్తులుని మేకల దొడ్డికి మార్చారు. బతికిన మేకల తోకలు కడగడం అతని పని.

గదిలోనూ ఒక మార్పు వచ్చింది. పీకుడు ముగిసిన మర్నాడు త్రిమూర్తులు ఎప్పట్లా పప్పు వండి పెడితే సనావుల్లా ముట్టలేదు.

“మేడం చెప్పింది గదరా, మనుషులకి అంటదని,” అన్నాడు త్రిమూర్తులు.

“ఆ యమ్మ చెప్పింది నా చెవికి ఇనపడింది మామా. కడుపుకు ఇనపడల్యా.”

అది పొగాకు సంగతేనా, ఫరాజ్ ముందు తను చెప్పిన మాటల సంగతా అని త్రిమూర్తులు అడగలేదు. నాకు చెబుతున్నప్పుడు మాత్రం, అడగక్కర్లేదండి, తెలుస్తానే ఉంది అన్నాడు.

అప్పటినుంచి వంట సనావుల్లాది, ఇద్దరికీ. గిన్నెలు త్రిమూర్తులువి. సనావుల్లా పొయ్యి దగ్గర నిలబడి, ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో ముక్కు చీది, ప్యాంటుకి తుడుచుకుని, అదే చేత్తో ఉప్పు వేస్తాడు. దాచి చెయ్యడు, త్రిమూర్తులు చూస్తుండగానే చేస్తాడు. తర్వాత కంచం తెచ్చి ముందు పెట్టి, పక్కన కూచుని, ఎట్లుండాది మామా అని అడుగుతాడు.

త్రిమూర్తులు ఊపిరి బిగబట్టి మింగుతాడు. బాగుందిరా అంటాడు.