ఇరవై వారాల లోపు

చట్టాల మీద అభిప్రాయాలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందరినీ కాదు. కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, సోఫాలో వెనక్కి వాలి చెప్పేవాళ్ళను. గట్టున కూర్చున్నవాళ్ళకు ఏ ఏరైనా మోకాలి లోతే. నేను మాత్రం ఒక ఆదివారం అలాంటి సోఫాల మధ్యే కూర్చుని, అలాంటి అభిప్రాయమే ఒకటి చెప్పాను. అది చెప్పాలంటే దానికి ముందరి చలికాలం నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు మేము ఇందిరాపురంలో ఉండేవాళ్ళం. రెండు వేల ఏడు చివర. మావారికి నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాకు ఢిల్లీలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ పని. తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. పొగమంచు పడితే కిటికీలోంచి ఏమీ కనిపించేది కాదు, కింద ఊరు ఉందని హారన్ల వల్లే తెలిసేది. లిఫ్టులో "నమస్తే ఆంటీ", కూరల బండి దగ్గర "భయ్యా, ఠీక్ సే తోలో". తెలుగు మాట్లాడాలంటే మావారు ఇంటికి రావాలి, లేదా అమ్మ ఫోన్ చెయ్యాలి. పెళ్ళయిన ఆరేళ్ళకు, ఇక ఆ ఊసే మానేశాక, నాకు నెల తప్పింది.

మా తెనాలి వైపు ఆడపిల్ల కడుపుతో ఉంటే తల్లి దొంగ చలిమిడి తెచ్చి పెడుతుంది. బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యీ గసగసాలూ కొబ్బరిముక్కలూ వేసి, ఎవరికీ చెప్పకుండా పట్టుకొచ్చి, తలుపేసి తినిపిస్తుంది. కడుపు చలవ అంటారు. మా ఇంట్లో అది ఐదో నెలలో. అది అయ్యేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదు. దీనికి మా అమ్మ సొంతంగా ఇంకో నియమం కలిపింది. చలిమిడి తినకముందు పెద్ద స్కాన్ చేయించుకోకూడదట. శాస్త్రం ఎక్కడుందని అడిగితే, "నేను చెబుతున్నాగా, అదే శాస్త్రం" అంది.

డాక్టరమ్మ స్కాన్‌కి రోజు ఇచ్చింది. అమ్మకు ఆ వారం రైల్లో బెర్తు దొరకలేదు.

"నే వచ్చిందాకా ఆగవే. నాలుగు రోజులు అటూ ఇటూ అయితే బిడ్డేమన్నా పారిపోద్దా?" అంది ఫోన్‌లో.

నాకు నవ్వొచ్చింది. పక్కనే ఉన్న మావారూ నవ్వారు. ఆయనే ఫోన్ చేసి స్కాన్ వాయిదా వేయించారు. తర్వాత బెర్తు దొరికింది గానీ, మంచుకు రైళ్ళు ఆగిపోయి టికెట్టు మళ్ళీ మార్చాల్సి వచ్చింది. తీరా అమ్మ వచ్చాక, మర్నాడు అమావాస్య అంది. మీనమేషాలు లెక్కపెట్టడంలో మా అమ్మను మించినవాళ్ళు లేరు. అలా రెండు వారాలు గడిచిపోయాయి. తప్పు ఎవరిదని నేను అమ్మను ఏనాడూ అడగలేదు, అడగను కూడా. ముగ్గురం కలిసి, సంతోషంగా ఉండి చేసిన పని అది.

చలిమిడి తిన్న సాయంత్రమే బిడ్డ మొదటిసారి కదిలింది. గిన్నెలో చేపపిల్ల తోక ఆడించినంత. అమ్మ చెయ్యి పట్టుకుని పెట్టించాను. ఆవిడకేమీ తెలియలేదు, అయినా తెలిసినట్టు నవ్వింది.

స్కాన్ గదిలో గోడ మీద ఆడో మగో చెప్పబడదని హిందీలో పెద్ద బోర్డు. ఈ చుట్టుపక్కల ఆ బోర్డు లేని ఆస్పత్రి గది ఉండదు. స్కాన్ చేసే డాక్టరు మొదట మా ఊరి ఎండల గురించి అడుగుతూ, పంజాబీ యాసలో హైదరాబాద్ బిర్యానీ గురించి చెబుతూ ఉన్నాడు. ఉన్నట్టుండి మాట ఆపేశాడు. మర్నాడే దక్షిణ ఢిల్లీలో పుట్టని పిల్లల గుండెలు చూసే పెద్ద డాక్టర్ దగ్గరికి పంపారు.

ఆవిడ నిదానంగా, ఇంగ్లీషులో చెప్పింది. గుండెలో ఎడమవైపు గది చిన్నగా ఉంది. అది పెరగవచ్చు, పెరగకపోవచ్చు. పెరిగితే మామూలు బిడ్డ. పెరగకపోతే పుట్టిన కొద్ది రోజులకే ఆపరేషన్లు మొదలు, అవి చేసినా బతుకుతుందన్న నమ్మకం లేదు. మూడు వారాల తర్వాత మళ్ళీ చూస్తే తాను గట్టిగా చెప్పగలదు.

"అయితే మూడు వారాలాగి వస్తాం," అన్నారు మావారు.

"తప్పకుండా రావచ్చు. కానీ గర్భం వద్దనుకుంటే చట్టం ఇరవై వారాల దాకానే ఒప్పుకుంటుంది. ఆ తర్వాత మీ చేతుల్లోనూ ఉండదు, నా చేతుల్లోనూ ఉండదు. ఇక నాలుగు రోజులే ఉన్నాయి," అందావిడ.

నేను బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ గుండెబొమ్మ వైపు చూస్తున్నాను. స్కాన్ మొదట అనుకున్న రోజునే అయి ఉంటే, రెండు వారాలాగి ఇంకోసారి చూసుకోవడానికి వీలుండేది. పూర్తిగా కాకపోయినా కొంతైనా తెలిసేది. ఆ సంగతి గదిలో మా వెనక కూర్చున్న అమ్మకూ, మావారికీ, నాకూ తెలుసు, ముగ్గురిలో ఎవరమూ అనలేదు.

అమ్మ బిడ్డను ఉంచుకోమంటుందని అనుకున్నాను. ఏడుపులూ మొక్కులూ ఉంటాయని ఎదురు చూశాను. ఆవిడ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"తీయించెయ్యమ్మా. మా ఆఖరి తమ్ముడికి ఇట్టాగే గుండెలో. ఏడిస్తే పెదాలు నీలంగా అయిపోయేయి. ఏడవకుండా చూడ్డమే మా అమ్మకు పని. వాడు పోయినాక కూడా ఆవిడ వాకిట్లో పిల్లల ఏడుపు వినపడితే పరిగెత్తేది. నీకా బతుకొద్దు."

నాకొక మేనమామ అలా పోయాడని అప్పటిదాకా తెలియనే తెలియదు.

మావారు బాల్కనీలో నిలబడి ఉన్నారు. పక్కకు వెళ్ళాను.

"ఆగుదాం. పెరగొచ్చు అందిగా," అన్నారు.

"పెరక్కపోతే?"

"అప్పుడు చూద్దాం."

"అప్పుడు చూడ్డానికి ఏం మిగల్దండీ. అదేగా ఆవిడ చెప్పింది."

ఆయన మంచువైపు తిరిగారు. తర్వాత, "నీ ఇష్టం," అన్నారు.

మంచి మనసుతోనే అన్నారని తెలుసు. చదువుకున్న మొగుడు అనాల్సిన మాటే. కానీ ఆ రెండు ముక్కలతో ఆయన బాల్కనీలోనే ఉండిపోయారు, నేనొక్కదాన్నే లోపలికి వచ్చాను. నా జన్మలో అంత ఒంటరితనం నేను ఎరగను. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. నేను లోపల అటూ ఇటూ కొట్టుకుంటూనే, పైకి మాత్రం అన్నీ తేల్చుకున్నదానిలా తిరిగాను. ఇంట్లో ఎవరో ఒకరు అలా ఉండాలి కదా.

మా దగ్గరి నర్సింగ్ హోమ్‌లో కుదరదన్నారు. గడువు లోపలే కదా అంటే, ఇన్ని నెలలు ముదిరాక చేస్తే తనిఖీలవాళ్ళు ఆడపిల్ల కేసు అంటారని భయం. ఇంకో ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లు చూసి, సరేనన్నారు. ఆ రోజు గురించి రాయను. ఒక్కటి మాత్రం చెబుతాను. అయిపోయాక నా దుప్పటి సర్దుతూ, వయసు మళ్ళిన నర్సు చెవి దగ్గర వంగి, "బేటీ, లడ్కీ థీ క్యా?" అంది, ఆడపిల్లా అన్నట్టు. పాపం, ఓదార్చడానికే. ఆవిడ చూసినవాళ్ళంతా అందుకే వచ్చి ఉంటారు. పతా నహీ అన్నాను. నమ్మలేదు. నా తల నిమిరి వెళ్ళిపోయింది. ఆ చేతిని విదిలించి కొట్టాలనిపించింది, కొట్టే ఓపిక లేదు. నిజంగానే మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఇప్పటికీ నేను బిడ్డ అనే అంటాను.

పదిరోజులుండి అమ్మ వెళ్ళిపోయింది. ఉన్న సంగతే ఎవరికీ చెప్పని కడుపు కాబట్టి, పోయిందని చెప్పుకోవడానికీ ఎవరూ లేరు. ఆఫీసులో వైరల్ ఫీవర్ అనుకున్నారు. పక్క ఫ్లాటావిడ చిక్కిపోయావు, ఏ జిమ్ అని అడిగింది. మావారు నా కంటే ముందే లేచి టీ పెట్టి, కప్పు మంచం పక్కన ఉంచి వెళ్ళేవారు. చాలా మంచిగా ఉండేవారు. అతిథితో ఉన్నంత మంచిగా.

వేసవి వెళ్ళి వానలు మొదలయ్యాయి. ఆర్.కె. పురంలో మాకు తెలిసిన ఒక పెద్దాయన ఉండేవారు, కేంద్ర ప్రభుత్వంలో అధికారి. ఆ క్వార్టర్స్‌లో ఆయన ఇంట్లో అప్పుడప్పుడు తెలుగువాళ్ళం ఆదివారం భోజనానికి చేరేవాళ్ళం. ఆ రోజు మేమూ, గుర్‌గావ్‌లో పనిచేసే మా స్నేహితురాలూ వెళ్ళాం. పెద్దాయన భార్య గోంగూర పప్పు, ఆవ పెట్టిన అరటికాయ కూర చేసింది. టీవీలో ఒకటే గోల. ఎక్కడో ఒక తల్లి, గడువు దాటాక బిడ్డ గుండెలో లోపం ఉందని తెలిసి, కోర్టుకెక్కింది. గడువు పెంచాలా వద్దా అని నలుగురు నాలుగు చదరాల్లో కూర్చుని అరుచుకుంటున్నారు.

"పెంచకూడదమ్మా," అన్నారు పెద్దాయన. "ఈ చుట్టుపక్కల సంగతి మీకు తెలీదు. గడువు పెంచారంటే, ఆడపిల్ల పడిన ప్రతి కడుపులోనూ ఓ గుండెజబ్బు పుట్టుకొస్తుంది. నే చూస్తున్నాగా ముప్ఫై ఏళ్ళ నుంచీ."

"అంకుల్, వాళ్ళు తప్పు చేస్తారని నాకు శిక్షేంటండీ? మోసేది ఆవిడ. ఆవిడ ఒంటికి గడువు పెట్టడానికి వీళ్ళెవరు?" అంది స్నేహితురాలు.

"ఐదో నెలకి కదుల్తుంది కదర్రా," అంది పెద్దాయన భార్య, అన్నం గిన్నెతో వస్తూ. "కదిలినాక ఎట్టా చేతులొస్తాయో."

అందరి మాటలూ న్యాయంగానే ఉన్నాయి. అందుకే నాకు మరీ కోపం వచ్చింది. నేను పెరుగు గిన్నెలో గరిటె తిప్పుతూ తల దించుకున్నాను. అప్పుడు మావారు మాట్లాడారు. ఎప్పుడూ రాజకీయాలు కూడా మాట్లాడని మనిషి.

"ఇరవై వారాలు చాలదండీ. కొన్ని జబ్బులు అప్పటికి సగమే కనబడతాయి. సగం చూసి తేల్చుకోమంటే ఎట్లా? ఇంకో నెల టైమిస్తే..." ఆగి, మంచినీళ్ళు తాగారు. "ఇస్తే, బాగుండే బిడ్డను పొరపాటున పోగొట్టుకోకుండా ఉంటారు."

ఆర్నెల్లుగా నేను ఎదురుచూస్తున్న మాట అది. ఆయన లోపల ఏముందో ఒక్కసారి నాతో చెబితే చాలనుకున్నాను. చట్టం మీద పెట్టి, పెద్దాయనతో చెప్పారు.

"నువ్వేమంటావమ్మా?" అని అడిగింది పెద్దాయన భార్య, ఊరికే, మర్యాదకు.

"ఇంకా తగ్గించాలంటాను," అన్నాను.

స్నేహితురాలు నోరు తెరిచింది. "నువ్వు కూడానా!" అంది. పెద్దాయన సంతోషించి, ఇంకాస్త కూర వెయ్యమని భార్యకు చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు రింగ్ రోడ్డు మీద వాన. నిజాముద్దీన్ వంతెన దాటాక మావారు కారు పక్కకు తీసి ఆపారు.

"తగ్గించాలని ఎందుకన్నావు?"

"మనం స్కాన్‌కి వెళ్ళేసరికే గడువు దాటిపోయి ఉండేది. నన్నెవరూ అడిగేవాళ్ళు కాదు. మీరు నీ ఇష్టం అనేవాళ్ళు కాదు."

ఆయన వైపర్లు ఆపేశారు. "అయితే పుట్టేది," అన్నారు.

"పుట్టేది."

"నువ్వంత గట్టిగా ఉంటివి. నీకు అనుమానమే లేదనుకున్నా. ఉంటే మరి ఆ రోజు ఆగుదామంటే ఎందుకు ఒప్పుకోలేదు?"

"మీరు ఒక్కసారే అన్నారు. రెండోసారి అంటే ఆగేదాన్ని."

ఆయన కారు రోడ్డు మీదికి తీయబోయి, మళ్ళీ ఆపేశారు. వెనక లారీవాడు హారన్ కొట్టి, తిట్టి, పక్కనుంచి వెళ్ళిపోయాడు. రెండోసారి అంటే ఆగేదాన్నన్న నా మాట నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. ఆయన మాత్రం నమ్మారు.