గొర్రుకు నోరిచ్చిన ప్రేమయ్య

చప్పుడు చేయని వస్తువును మా బావ ప్రేమయ్య నమ్మేవాడు కాదు. తలుపు తీస్తే కిర్రుమనాలి, బండి కదిలితే కీచుమనాలి, మూత పెడితే ఠంగుమనాలి. ఏదైనా నోరు మూసుకుని తన పని తాను చేసుకుపోతుంటే ఆయనకు అనుమానం. "ఇది లోపల ఏం చేస్తాండాదో ఎవునికి తెలుసప్పా?" అనేవాడు. వెంటనే దానికో గజ్జె కట్టేవాడు.

తెల్లదొరల కాలంలో మిషను వాళ్ళ దగ్గర వడ్రంగం నేర్చుకుని, కోడుమూరు దగ్గర మా పల్లెలో స్థిరపడి, మా అక్క కృపమణిని చేసుకున్నాడు. పెద్దబిడ్డ పుట్టగానే ఉయ్యాలకు గజ్జెలు కట్టాడు. బిడ్డ మేలుకుంటే తల్లికి తెలియాలని ఆయన ఆలోచన. బిడ్డ కదిలింది, గజ్జె మోగింది. ఆ మోతకు బిడ్డ ఏడ్చింది, ఏడుస్తూ కాళ్ళాడించింది, గజ్జె ఇంకా గట్టిగా మోగింది.

"దాన్ని తెంపుతావా, నన్ను మా నాయనింటికి పంపుతావా?" అంది మా అక్క.

"బాగా పనిచేస్తాండాది కదే!" అని బావ మురిసిపోయాడు.

ఊళ్ళో ఈరక్క వచ్చి అడిగితే ఆమె తిరగలికీ ఒకటి కట్టాడు. కోడలు విసురుతున్నంతసేపూ మోగుతుంది, ముచ్చట్లలో పడితే ఆగిపోతుంది. మరునాడు పొద్దెక్కేదాకా గజ్జె మోగుతూనే ఉంది, పిండి మాత్రం రాలేదు. ఈరక్క వెళ్ళి చూస్తే గజ్జె మేకపిల్ల మెడలో ఉంది, కోడలు గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఈరక్క బావ మీదికి పోట్లాటకొచ్చింది.

"గజ్జె తప్పేముండాదమ్మా? మోగింది కదా!" అన్నాడు బావ.

చర్చిలో చందా సంచికి కూడా కట్టబోతే సంఘపెద్దలంతా అడ్డుపడ్డారు. వాళ్ళందరూ ఒక్క మాట మీద నిలబడడం నేను చూసింది ఆ రోజే.

ఆ తరువాత బావ కన్ను విత్తనాల గొర్రు మీద పడింది. గొర్రుకు మూడు పళ్ళు, ప్రతి పంటి వెనక ఒక వెదురు గొట్టం, మూడు గొట్టాలకూ పైన జడ్డిగమనే కొయ్యగిన్నె. గొర్రు వెంట ఒక ఆడమనిషి నడుస్తూ గుప్పిట్లోంచి జొన్నలు ఆ గిన్నెలోకి వదులుతుంది. తడిమట్టి ఎక్కి గొట్టం పూడుకుపోతే ఆ సాలంతా ఖాళీ. చూసుకోకపోతే మొలకలొచ్చాక ఊరికంతా తెలుస్తుంది.

మా పల్లెలో విత్తే చేయి జీవమ్మది. మొగుడు పోయాక, విత్తనాల కాలంలో రైతులిచ్చే గింజలే ఆమెకు ఏడాది బువ్వ. అట్లాంటి జీవమ్మ పోయినేడు రైతు దేవేంద్రప్ప చేనులో సాళ్ళకు సాళ్ళు ఖాళీగా వదిలేసింది. దారిన పోయిన ప్రతివాడూ ఆగి, "ఏమప్పా, చేనులో నడిసేదానికి దావ ఇడిసినావా?" అని అడిగాడు. దేవేంద్రప్పకు తల కొట్టేసినట్టయింది.

"ఈ తూరి ఒక్క సాలు పోయిందంటే ఆలూరు నుంచి వేరే మనిషిని పిల్చుకొస్తా" అన్నాడు. ఆయన మానుకుంటే మిగతా రైతులూ మానుకుంటారు. జీవమ్మ పొగరెక్కి పరాకుగా విత్తుతోందని ఊరంతా చెప్పుకుంది.

దేవేంద్రప్ప గొర్రు మరమ్మతుకొచ్చింది. బావ గొట్టానికో గజ్జెల గుత్తి కట్టి పంపాడు. తొలి జల్లుకు చేనులో దించి నాలుగడుగులు నడిపారో లేదో, ఎద్దులు బెదిరి, గట్టు దాటి, పక్కనున్న అయ్యన్న చేనులో పడి పరుగెత్తాయి. పోతూ పోతూ దేవేంద్రప్ప గింజలన్నీ అక్కడ చల్లేశాయి.

"ఇది గొర్రా, భజన మేళమా?" అని దేవేంద్రప్ప కేకలేశాడు.

"గొర్రు మంచిదే ఉండాదప్పా, తిట్టాకు" అన్నాడు అయ్యన్న.

బావ గజ్జెలు విప్పేశాడు. ఒక గొట్టం లోపల కిరసనాయిలు డబ్బా రేకు, ఇంకో దాంట్లో ఇత్తడి బిళ్ళ, మూడో దాంట్లో ఎండిన సొరకాయ బుర్ర ముక్క వేలాడదీశాడు. రాలే జొన్నలు తగిలితే ఒకటి టిక్కుమంటుంది, ఒకటి టింగుమంటుంది, ఒకటి టొక్కుమంటుంది. వెనక నడిచే మనిషికి వినిపించేంత చప్పుడే, ఎద్దులకు పట్టదు. ఇంకో మోత మోగితే గొర్రును పొయ్యిలో పెడతానని దేవేంద్రప్ప గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

మంచి వాన పడి నేల విత్తడానికి పదునైంది. దేవేంద్రప్ప గొర్రు తోలాడు, వెనక జీవమ్మ, ఆమె పక్కన గింజల గంపతో నేను. బావ గట్టు మీద చెవి ఒగ్గి నిలబడ్డాడు. చేను నడుమకు వచ్చేసరికి జీవమ్మ అరిచింది.

"నిలుపప్పా! నడిమి గొట్టం పలకల్యా!"

ఎత్తి చూస్తే నిజంగానే మట్టి. పుల్లతో పొడిచి మళ్ళీ సాగారు. ఆ పొద్దంతా మట్టి ఎక్కినప్పుడల్లా ఆమె అరుస్తూనే ఉంది, దేవేంద్రప్ప ఆపుతూనే ఉన్నాడు. ఒక్క సాలూ పోలేదు.

నడుమ సద్ది తినే వేళకు జీవమ్మకు నీళ్ళ చెంబు అందించాను. ఆమె నవ్వుతూ చేయి చాచింది. చెంబు ఒకవైపుంటే చేయి ఇంకోవైపు పోయింది. బావ చటుక్కున వచ్చి చెంబును గోటితో టంగున కొట్టాడు. చేయి తిన్నగా చెంబు మీదికొచ్చింది.

గొట్టం పూడుకుని జడ్డిగంలో గింజలు పేరుకుపోతే ఎవరైనా చూసి ఆపుతారు. జీవమ్మకు చూపే లేదు, పోయినేడు సాళ్ళు పోయింది అందుకే.

"కండ్లకు పొర కమ్మింది, ఏడాదయింది" అన్నాడు బావ నా చెవిలో. "యాడన్నా నోరు జారినావో, నీ మెడకు కడతా గజ్జె."

మొలకలొచ్చాయి. సాలు తప్పకుండా నిండిన ఆ చేనును చూడడానికి రైతులొచ్చారు. గొర్రుకు నోరు పెట్టమన్నది తానేనని దేవేంద్రప్ప వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అయ్యన్న నేరుగా బావ దగ్గరికొచ్చాడు.

"నాకూ అట్లాంటిది చేసియ్యి. ఇత్తేదానికి మా కోడలుండాది."

"కుదరదప్పా. అది జీవమ్మ చేతికే పలుకుతాది. ఇంకొకరు పోస్తే మూగదే."

"అదేమి ఇచిత్రమప్పా?"

"చేతి గుణం" అన్నాడు బావ, ప్రసంగం చేసే పాదిరి మొహం పెట్టి.

అయ్యన్న శానా ఆశ్చర్యపోయి, చెప్పులు తొడుక్కుని, జీవమ్మను మాట్లాడుకోవడానికి ఆమె గుడిసెకు బయలుదేరాడు.

నా చేయి ఊరుకోలేదు. మళ్ళీ మరమ్మతుకొచ్చి పక్కనే ఉన్న దేవేంద్రప్ప గొర్రు జడ్డిగంలో గుప్పెడు జొన్నలు పోశాను. రేకు, ఇత్తడి, బుర్ర మూడూ ఒక్కసారిగా హుషారుగా మోగాయి.

బావ ఉలి ఆపి నావైపు చూశాడు.

"ఏమన్నా ఇనపడిందా?"

"యాడిది బావా? నాకేమీ ఇనపల్యా."

"అట్లే ఉండు" అని బావ మళ్ళీ ఉలి అందుకున్నాడు.