చీర అమ్మనన్న పెద్దాయన

ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెద్దాయన పోయిన వారం కన్నుమూశారు. జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చిన ఒకామె మాటల మధ్యలో చెప్పింది. కుట్టు మిషను ఆపేశాను. ఆయన నాకు బంధువు కాదు. ఆయన దగ్గర నేను ఒక్క చీర కూడా కొనలేదు. కొనడానికి వెళితే అమ్మలేదు, అంతే. అయినా ఆయన గురించి మీకు చెప్పాలి. నా పెళ్లికి వద్దన్న మనిషి ఈ లోకంలో ఆయనొక్కరే.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. సంబంధం ఖాయమైంది కానీ ముహూర్తం పెట్టలేదు. పది పరీక్షలు రాయనిద్దామని అమ్మ రోజూ నసుగుతుండేది. నాయన సగం మెత్తబడ్డాడు. చీర మాత్రం ముందే కొనిపెట్టుకుందామన్నాడు. శింగనమల దగ్గర మా ఊరి నుంచి ముగ్గురం బస్సుల్లో పడి వెళ్లాం.

పెద్దాయన తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని చీరలు తానే విప్పేవారు. ఏ ఊరు, ఎవరి పిల్ల అని అందరినీ అడిగినట్టే మమ్మల్నీ అడిగారు. ఏ రంగు కావాలని మాత్రం అమ్మను అడగలేదు.

"కట్టుకునే పాప చెప్పాల," అన్నారు.

నా ఇష్టం ఏమిటని అంతకుముందు ఎవరూ అడిగిన గుర్తు లేదు. నేరేడు రంగు చీర మీద చెయ్యి పెట్టాను.

"ఏం చదువుతాండావు పాపా?"

"తొమ్మిది."

ఆయన ఆ చీరను మెల్లగా మడిచి పక్కన పెట్టేశారు. "మీకు ఈడ ఇచ్చేది లేదప్పా. పోయి రండి."

"యాల ఇయ్యవు సెట్టీ? ఇన్ని చీరలు పెట్టుకోని?" అన్నాడు నాయన.

"నా అంగడి. నా ఇష్టం."

నాయన ముఖం నల్లబడింది. నాయన చిన్నప్పుడు ఊరి హోటల్లో మా వాళ్ల గ్లాసులు బయట చూరులో ఉండేవి. ఎందుకని అడిగితే హోటలాయన చెప్పిన మాటా ఇదే. మెట్లు దిగాక, "ఊరూ పేరూ అడిగినాడు కదా, మనమెవరో తెలిసిపోయినాది," అన్నాడు. ఎదురంగట్లో ఇంకా ఖరీదైన చీర కొన్నాడు. బస్సులో అమ్మ పరీక్షల మాటెత్తితే, "ఇంగ ఆగేది లేదు. ఈ నెల్లోనే చేస్తా," అన్నాడు. చేశాడు. నేను పది రాయలేదు. పద్దెనిమిది నిండేలోపు రెండు కాన్పులు, దక్కింది ఒక్క బిడ్డే.

చాలా ఏళ్ల తర్వాత, బుక్కరాయసముద్రంలో జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతున్నప్పుడు, చీర ఎంచి పెట్టమన్న ఒకామె వెంట మళ్లీ ఆ అంగడికి వెళ్లాను. ఆయన గుర్తుపట్టలేదు. జరిగిందంతా చెప్పాను. చీర విప్పుతున్న చెయ్యి ఆగింది.

"కులమనుకున్యాడా? కులం చూసి అమ్మకుంటే నేరమని నాకు తెలీదా తల్లీ? పాప చిన్నదని అమ్మల్యా. పదిమంది ముందర మీ నాయన తల దించుకోవాల్సొస్తాదని కారణం చెప్పల్యా."

"చెప్పింటే తిట్టింటాడు," అన్నాను. "అయినా ఆగింటాడేమో."

ఆయన విప్పిన చీరను మళ్లీ మడిచారు. "అమ్మనని చెప్పే హక్కు నాకుండాది. ఎందుకో చెప్పాల్సింది కూడా నేనే. చెప్పక తప్పు చేసినా," అన్నారు. ఆయన మీద కోపం ఆ రోజుతో పోయింది. దిగులు పోలేదు.

తర్వాత వెళ్లేసరికి గోడకు బోర్డు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పెళ్లికూతురికి ఇక్కడ చీరలు అమ్మబడవు, కారణం వయసు ఒక్కటే అని. అది చూసి నవ్వి, ఎదురంగడికి పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. లాభమేముందని నేనే అడిగాను.

"నేనమ్మకుంటే ఎదురుగా దొరుకుతాది, తెలుసు. ఆ పాప చెవిన వద్దనే మాట ఒక్కటన్నా పడతాది కదా," అన్నారు.

ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందు, ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది, పెళ్లి జాకెట్టుకు. వయసు అడిగాను. "పద్దెనిమిది నిండినాయిలే అక్కా," అంది తల్లి. పిల్ల నేల చూసింది. టేపు పట్టుకుని కొలతలు తీసే నాకు తెలియదా? కుట్టనని చెప్పొచ్చు, నన్ను నిలదీసేవాళ్లు లేరు. మా వీధివాళ్లే, వాళ్లతో తగువెందుకని నోరు మెదపలేదు. పెద్దాయన దగ్గరికి వెళ్లి ఈ సంగతి ఒప్పుకుందామనుకున్నాను. ఆయన లేరు. నిన్న ఆ జాకెట్టు ఇచ్చేశాను. ఇంకా ఎదగాల్సిన పిల్ల కదా అని, రెండు పక్కలా లోపల రెండేసి అంగుళాల గుడ్డ వదిలి కుట్టాను.