గోల్‌పోస్టు వెనక పాడిన పాట

మొన్న ఆదివారం మనవరాలి వాలీబాల్ పోటీ చూడటానికి హనుమకొండ వెళ్లాను. చూడటానికి అన్నానే గానీ, కళ్లు మసకబారిన వాడికి ఆట కంటే చప్పుడే ఎక్కువ తెలుస్తుంది. ఎదుటి కాలేజీ అమ్మాయి ఒకతె సర్వీసుకు ముందు బంతిని కళ్లకద్దుకొని ఏదో ప్రార్థన చేసుకుంటున్నదట. నా వెనక వరసలో కూర్చున్న పిల్లలు ఆమె దేవుడి పేరు పెట్టి రెండు పాదాల పాట ఒకటి అందుకున్నారు. ప్రాస బాగా కుదిరింది. నా చేతులు వాటంతట అవే రెండుసార్లు చప్పట్లు కొట్టాయి. మూడోసారికి ఆగాయి గానీ ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాలేదు. లేచి గ్రౌండు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. మనవరాలు ఆట గెలిచి వచ్చేసరికి నాలుగు చుట్లు తిరిగాను. "తాతా, షుగర్ పడిపోయిందా?" అని అడిగింది. కాదన్నాను. ఏమైందో మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే అరవై ఏళ్లు వెనక్కి పోవాలి, ఇంటికి పోయే ఆటోలో తెమిలే మాట కాదు.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. నిజాం జమానా. యుద్ధం ముగిసింది గానీ కిరసనాయిలుకు ఇంకా వరసలు కట్టాల్సిందే. వరంగల్ బజారులో మాది బట్టల దుకాణం. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఉర్దూ, దుకాణంలో గిరాకి ఏ భాష మాట్లాడితే ఆ భాష. ఆ ఏడాది ఊరంతటికీ కాలు నిలవనట్టుండేది. పొద్దున ఒక పుకారు పుట్టి సాయంత్రానికి చచ్చేది, దాని చోట ఇంకోటి పుట్టేది. నా సంగతి మరీ అన్యాయం. కూర్చుంటే కాళ్లలో చీమలు పాకినట్టుండేది. "జర ఒక్కతాన కూసోని చదువు బిడ్డా" అని మా నాయన బతిమాలితే, పుస్తకం పట్టుకొని వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ చదివేవాణ్ణి. ఇంతగా కాలు నిలవనివాడు ఫుట్‌బాల్ ఆడాల్సింది. ఆడించారు కూడా, ఒకే ఒక్కసారి. సోడాబుడ్డి కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకొని మైదానంలోకి దిగి, బంతి అనుకొని మా డ్రిల్లు మాస్టరు గారి కాలు తన్నాను. ఆయన వారం రోజులు కుంటుతూ నడిచారు. ఆ తర్వాత నా స్థానం గోల్‌పోస్టు వెనక గుంపులో శాశ్వతంగా ఖాయమైంది.

అక్కడ నాకు వేరే పని దొరికింది. ఎదుటి జట్టును ఏడిపించడానికి పాటలు కట్టడం. నాకు చెవి మంచిది. ఒకసారి విన్న రాగం పోదు. మూడు నాలుగు ఆటలయ్యేసరికి మా కాలేజీలో కెప్టెన్ తర్వాత పేరు నాదే అయింది. ఆ కెప్టెన్ మా వీధి చివరి మసీదులో అజాన్ ఇచ్చే పెద్దమనిషి కొడుకు, పొడుగ్గా, నిదానంగా ఉండేవాడు. నాకు చిన్నప్పటి నుంచి దోస్తు. నా పాటలకు అందరూ పడి పడి నవ్వితే తను సగం నవ్వి ఊరుకునేవాడు.

ఆ శీతాకాలం మా ఆట హనుమకొండ మిషన్ జట్టుతో పడింది. వాళ్ల గోల్‌కీపర్ నా ఈడువాడే. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. ఈల వేసే ముందు గోల్‌పోస్టు పక్కన మోకాళ్ల మీద కూర్చొని, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. అది చూడగానే నా లోపల ఒక రాగం దానంతటది కదిలింది. సంత రోజుల్లో మా దుకాణం ముందర ఒక ఫాదరీ కంజీర వాయిస్తూ పాడే పాట అది. పరకాల దిక్కు పల్లెలు తిరిగే మనిషి. "చెలిమె నీళ్ల తీరు నువ్వు, ఊరుతుంటవు నాల దేవా" అని ఎత్తుకునేవాడు. బేరాలాడే ఆడవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి వినేవాళ్లు. ఆ రాగం మీద నేను నిలబడ్డచోటనే కట్టాను:

ఆపు దేవా, ఆపు బంతి!
ఆపకుంటే లేదు గంజి!

గంజి మాట ఎందుకో అప్పటి వాళ్లకు చెప్పనక్కర లేదు. కరువులో మిషన్ వాళ్లు గంజి పోశారు, ఆ గంజికే వీళ్లు మతం మారారు అని ఊళ్లో ఎద్దేవా చేసేవాళ్లు. నిండా తిన్న ఇళ్ల పిల్లలం యాభై మందిమి ఆ మాట అరిచాం. గోల్‌కీపర్ మొదటిసారి వినగానే తల తిప్పి చూశాడు. ఆ తర్వాత అతను పట్టాల్సిన బంతులు రెండు చేతుల్లోంచి జారిపోయాయి. మేం గెలిచాం. నన్ను భుజాల మీద ఎక్కించుకొని తిప్పారు. అంత ఎత్తు నుంచి ఊరు చూడటం అదే మొదటిసారి నాకు.

మర్నాడు సాయంత్రం ఆ గోల్‌కీపర్ మా దుకాణానికి వచ్చాడు. మా నాయన లోపల మూట విప్పుతున్నాడు. కొట్లాటకొచ్చాడనుకొని గజంబద్ద చేతిలోకి తీసుకున్నాను. అతను మెట్టు కిందనే నిలబడి, చిన్న గొంతుతో అడిగాడు.

"నిన్న పాట ఎత్తుకున్నది నువ్వేనట గదా. ఆ రాగం యాడ నేర్చినవ్?"

"గిట్లనే, బజార్ల విన్న" అన్నాను.

"అది మా నాయన కట్టిన పాట. పోయిన శ్రావణంల కలరాతోని పోయిండు. కాయితం మీద రాసి పెట్టలే. మొదటి చరణమే మాకు వస్తది, మిగిలినవి ఎవ్వలకు యాదికి లెవ్వు. మా అమ్మ రోజూ తండ్లాడుతాంది. నీకేమన్న వస్తయా?"

వచ్చు. మూడు చరణాలూ వచ్చు. కానీ వచ్చు అంటే, అది ఎవరి పాటో తెలిసే గోల్‌పోస్టు వెనక పాడానని ఒప్పుకున్నట్టే కదా.

"రావు" అన్నాను.

అతను నా ముఖంలోకి ఒకసారి చూసి, "సరే భాయ్" అని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఆ తర్వాత మూడు వారాలు నేను పడ్డ బాధ మా ఇంట్లో వాళ్లు కడుపునొప్పి అనుకున్నారు. మా అవ్వ వాము నమిలించింది. పాటంతా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకొని, హనుమకొండ దాకా నడిచి, మిషన్ కాంపౌండు గేటు చూసి వెనక్కి తిరిగేవాణ్ణి. రెండుసార్లు అట్లా అయింది. మూడోసారి గేటు దగ్గరున్న ముసలాయన నా వాలకం చూసి, "దవాఖానకా? పన్ను నొప్పా?" అన్నాడు. అవునన్నాను. తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టాడు. లోపల్నుంచి ఎవరో కేక పెట్టడం వినబడింది. నా వంతు రాకముందే లేచి పరుగెత్తాను. ఆ తొందరలో కాగితం ఇవ్వలేదు.

చివరికి కాలేజీ హాస్టల్ అరుగు మీద కెప్టెన్‌కు అంతా చెప్పేశాను.

"పోయి పాట చెప్పి రారాదు యార్" అన్నాడు.

"సిగ్గయితాంది."

"పాడినప్పుడు కాలే?"

అరుగు మీద ఇంకో నలుగురు కూర్చుని వింటున్నారన్న ధ్యాస కూడా నాకు లేదు. దాని ఫలితం రెండో ఆట నాడు తెలిసింది.

అది కప్పు తేల్చే ఆట, మిషన్ వాళ్ల మైదానంలోనే. వాళ్ల వైపు బెంచీల మీద తెల్లచీరల ఆడవాళ్లు కూర్చున్నారు. ముందు వరసలో కొంగు తల నిండా కప్పుకున్న ఒక సన్నటి మనిషిని గోల్‌కీపర్ చేయి పట్టి కూర్చోబెట్టి పోయాడు. వాళ్లమ్మ అని అర్థమైంది. మావాళ్లు సైకిళ్ల మీద గుంపుగా దిగారు. ఆ రోజు నేను పాట ఎత్తుకోలేదు. నేను ఎత్తుకోవాల్సిన అవసరమే లేకపోయింది. "ఆపు దేవా" అని వాళ్లే మొదలుపెట్టారు. ఆపండిరా అని నేను ఒక్కొక్కడి భుజం పట్టి లాగుతుంటే, "నీ పాటనే గదరా!" అని నవ్వారు. అప్పుడు హాస్టల్ అరుగు మీద కూర్చున్నవాడొకడు కొత్త పాదం కలిపాడు:

తండ్రి చావునాపనోడు,
బంతినాపుతడా?

గోల్‌కీపర్ చేతులు రెండూ కిందికి వాలిపోయాయి. సరిగ్గా అప్పుడే మా కెప్టెన్ తన్నిన బంతి అతని పక్క నుంచి నిదానంగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. అతను దాని వంక చూడను కూడా లేదు. బెంచీ వైపు చూస్తున్నాడు. మావాళ్లు గాలిలోకి టోపీలు ఎగరేశారు.

నాకేమైందో తెలియదు. గోల్‌పోస్టు పట్టుకొని నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి ఆ ఫాదరీ రెండో చరణం ఎత్తుకున్నాను. "ఎండినేటి ఇసుకలోన, దోసిలంతే చాలు దేవా." మావాళ్లు అది నా కొత్త పాట అనుకొని తాళం వేశారు! నవ్వడానికి సిద్ధంగా నోళ్లు తెరిచి ఎదురుచూశారు. రెండు పాదాలయ్యాక ఇందులో నవ్వేదేమీ లేదని తెలిసింది. "వీడు గంజి తాగొచ్చిండురో" అని ఒకడు అరిచాడు. ఒక మట్టిగడ్డ వచ్చి నా కళ్లద్దాలకు తగిలింది. ఒక అద్దం రాలిపోయింది. సగం లోకం స్పష్టంగా, సగం అలికినట్టు కనిపిస్తుండగా పాడుతూనే ఉన్నాను. గొంతు పగిలింది. రాగం కూడా తప్పి ఉంటుంది.

అప్పుడు మా కెప్టెన్ వలలోంచి బంతి తీసుకొని మైదానం నడిమధ్యకు నడిచి, దాని మీద కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టరు ఈల మీద ఈల వేశారు. "ఏమాయె? లేచి నిలవడు!" అని అరిచారు.

"పాట బందయితెనే ఆట, సార్" అన్నాడు కెప్టెన్. తర్వాత మా గుంపు వైపు తిరిగాడు. "ఇయ్యాల వాని నాయన మీద కట్టిండ్రు. రేపు మా అబ్బా అజాన్ మీద కడ్తరు. ఎల్లుండి మీ ఇండ్లల్ల దీపం మీద ఇంకెవడో కడ్తడు. నేనాడ."

మాస్టరు గారు బతిమాలారు, బెదిరించారు. కెప్టెన్ కదల్లేదు. కాసేపటికి మా జట్టులో ఇంకో ఇద్దరు వచ్చి అతని పక్కన గడ్డిలో కూర్చున్నారు. చివరికి మేం ఓడినట్టు రాసి కప్పు మిషన్ జట్టుకు ఇచ్చారు. వాళ్లూ దాన్ని ఎత్తి చూపలేదు, టేబుల్ మీదనే వదిలి వెళ్లారు. మావాళ్లు మా ఇద్దరితో ఆ ఏడాదంతా మాట్లాడలేదు.

జనం పలచబడ్డాక గోల్‌కీపర్ వచ్చి నన్ను వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె నా విరిగిన కళ్లద్దాల వంక చూసింది.

"రాదన్నవట గదా?"

"వస్తదవ్వా. అబద్ధమాడిన."

"కూసో. పాడు మరి."

బెంచీ మీద ఆమె పక్కన కూర్చొని మెల్లగా పాడాను. గోల్‌కీపర్ నేల మీద కూర్చొని పెన్సిలుతో రాసుకున్నాడు. మూడో చరణంలో ఆమె చెయ్యెత్తి ఆపింది. "'తోవ' కాదు, 'తోడు'. ఆయన అక్కడికొచ్చి దమ్ము తీసుకునేటోడు, మాట మింగుడు వడేది. నీకు గట్ల వినవడ్డది" అంది. నవ్వినట్టే అనిపించింది. పాట అయిపోయాక కొడుకు రాసిన కాగితం మడిచి కొంగున కట్టుకుంది. క్షమించమని అడిగాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"పాట తెచ్చిచ్చినవు, దేవుడు నిన్ను సల్లగ సూడాలె. గానీ గా మొదటి దినం నేనూ అక్కడ్నే ఉన్న, మీరు నవ్విన నవ్వు ఇంకా నా చెవులల్లనే ఉన్నది బిడ్డా. అది పోయిననాడు నేనే చెప్త."

రెండేళ్లలో రాజ్యం మారింది. కెప్టెన్ కుటుంబం హైదరాబాదుకు పోయింది. గోల్‌కీపర్ పరకాల దగ్గర బడిపంతులయ్యాడు, వాళ్లమ్మ అతనితోనే ఉండేది. తొర్రూరుకో పరకాలకో దుకాణం పని మీద పోయినప్పుడల్లా నేను వాళ్లింటికి పోయేవాణ్ణి. దారి కాకపోయినా దారి చేసుకొని పోయేవాణ్ణి. ఆమె చాయ్ పోసి, పిల్లల గురించి అడిగి, నా చూపు గురించి ఫికర్ పడేది. లేచి వచ్చేటప్పుడు గడప దగ్గర ఒక్క నిమిషం ఎక్కువగా నిలబడేవాణ్ణి. ఆమెకు ఎందుకో తెలుసు. "పోయి రా బిడ్డా, పొద్దు వోతాంది" అనేది, అంతే. పన్నెండేళ్లు అట్లా తిరిగాను. ఆమె పోయిందని తన తమ్ముడితో కబురంపాడు గోల్‌కీపర్. ఆ నవ్వు చెవుల్లోంచి పోయిందన్న మాట ఆమె నాకు చెప్పనేలేదు, అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు కనుక. వయసులో నేను ఆమెను ఎప్పుడో దాటి చాలా దూరం వచ్చేశాను, ఆ ఒక్క సంగతిలో మాత్రం కాలం నన్ను ఇంకా పదిహేడేళ్ల దగ్గరే నిలబెట్టి తను వెళ్లిపోయింది.