తుమ్ముకుంటూ కళింగపట్నం

మా ఊరు బొబ్బిలికి ఆనుకునే ఉంటుంది. నాన్నకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. మాఘమాసంలో తోట పూతకు వచ్చిందంటే ఆయన మీసం మీద చెయ్యి పడుతుంది, నా ముక్కు మీద తువ్వాలు పడుతుంది. ఉగాది దాటేదాకా నేను బళ్ళో పాఠం చెప్పేది తక్కువ, తుమ్మేది ఎక్కువ. పుప్పొడి పడదని, వీలైతే సముద్రపు గాలికి వెళ్ళి రమ్మని డాక్టరు అన్నాడు. నాన్న మాత్రం ఒప్పుకోలేదు. "మన పూత మనకి పడకపోడమేటిరా? బైట సెప్పకు, పరువు పోతాది" అన్నాడు.

అయితే ఈ ప్రయాణం నా ముక్కు కోసం పెట్టుకున్నది కాదు. మా అమ్మాయి చిన్నికి పదకొండేళ్ళు. కళింగపట్నం తీరంలో తాబేళ్ళు పెట్టిన గుడ్లను ఏరి, దడి కట్టి, ఇసుకలో పాతిపెట్టి, పిల్లలయ్యాక తెల్లవారే వేళ సముద్రంలోకి వదులుతారని దానికి తెలిసింది. అప్పటినుంచి అదే కలవరింత.

పోయినేడే వెళ్ళాల్సింది. సంచులతో గుమ్మం దాటుతుంటే నేను తుమ్మాను. బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము వినిపిస్తే వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలన్నది మా ఇంటి చట్టం. జంట తుమ్ము అయితే శుభం. మూడైతే మళ్ళీ మొదటికే. ఆ రోజు మధ్యాహ్నం దాకా కూర్చుంటూ, లేస్తూ, నీళ్ళు తాగుతూ గడిపాం. చివరికి నాన్న "ఈయేటికి యోగం లేదు" అని తీర్పు చెప్పేశాడు. చిన్ని ఏడవలేదు. తన సంచిలోని బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టుకుంది. అది ఏడ్చినా బాగుండేదనిపించింది నాకు.

ఈసారి ముందురోజే వెళ్ళి తీరంలోనే మకాం వేద్దామనుకున్నాను. గుడారం మా బడి స్టోరు గదిలో దొరికింది. ఎప్పుడో స్కౌట్లు వాడినది. "తిరిగి తేకపోయినా పర్లేదు మాస్టారూ" అన్నారు హెడ్మాస్టరు గారు. విప్పి దులిపాక ఆయన ఉదారత ఎందుకో అర్థమైంది. ఆ దుమ్ముకు పదకొండుసార్లు తుమ్మాను. అప్పటికింకా బయలుదేరలేదు కాబట్టి అవి లెక్కలోకి రాలేదు.

శనివారం ఉదయం తొమ్మిదింటికి ప్రయాణం. తొమ్మిదికి ఒంటి తుమ్ము. కూర్చున్నాం. తొమ్మిదిన్నరకు మూడు. కూర్చున్నాం. పదింటికి రెండు తుమ్మి, శుభం అనుకుంటూ వీధిలోకి దిగేసరికి ఆ మూడోది వచ్చిపడింది. నా భార్య పద్మ ఆ నీళ్ళ చెంబును ఇక లోపల పెట్టడం మానేసి చేత్తోనే పట్టుకుంది. పదకొండు గంటలకు దేవుడు కరుణించి జంట తుమ్ము ఇచ్చాడు. నాన్న "నడండి, నడండి!" అంటూ అందరికంటే ముందు పరుగెత్తాడు.

బొబ్బిలిలో పదకొండున్నరకు శ్రీకాకుళం బస్సు దొరికింది. రాజాం మీదుగా వెళ్ళే ఈ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు, నాకూ నాన్నకూ ఉంది. కిటికీ పక్కన కూర్చోవద్దని అనుభవంతో చెబుతున్నాను. దారంతా తోటలే, తోటలన్నీ పూతలే. పక్క సీట్లో కూరగాయల తట్టతో కూర్చున్న ఆవిడ కాసేపు ఓర్చుకుని, "ఏటి బాబూ, పొద్దున్నే మిరపకాయలు దంపినావేటి?" అంది. తర్వాత జాలిపడి ఒక అల్లం ముక్క ఇచ్చింది.

రెండింటికి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి భోంచేశాం. మూడింటికి గార మీదుగా కళింగపట్నం బస్సు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు, కండక్టరు రైట్ అన్నాడు, నేను తుమ్మాను. నాన్న లేచి నిలబడి "బాబూ, ఓ నిమిషం ఆపు" అన్నాడు. డ్రైవరు కసురుకుంటాడనుకుని నేను తల దించుకున్నాను. అతను వెనక్కి తిరిగి, "తాతా, ఒంటిదా, జంటదా?" అని అడిగాడు.

"ఒంటిదే నాయినా."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. సీటు కింద నుంచి సీసా తీసి నీళ్ళు తాగాడు. కండక్టరు కూర్చుని నీళ్ళు తాగాడు. వెనకాల కాలేజీ కుర్రాళ్ళు నవ్వారు గానీ, సీసా చేతికి రాగానే వాళ్ళూ ఒక్కో గుటక తాగారు. "ఇదిగో మాస్టారూ, ఇంకోటి వచ్చీదుంటే ఇప్పుడే తుమ్మీండి, దారిలో ఒద్దు" అన్నాడు కండక్టరు. బస్సు అయిదు నిమిషాలు ఆలస్యంగా, అందరి అంగీకారంతో కదిలింది.

నాలుగుంపావుకు దిగాం. ఒడ్డున చేపలు ఎండబెట్టారు. ఆ ఘాటుకు పద్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఏ వాసనా తెలియలేదు, ముక్కు దిబ్బడ వల్ల కలిగిన ఏకైక లాభం అది. గుడ్ల దడికి కాపలా ఉండే అప్పన్న అక్కడే కలిశాడు. ఇసుకలో గుడారం గాలికి ఎగిరిపోతుందని, కిలోమీటరు దూరంలో ఉన్న సరుగుడు తోటలో వేసుకోమన్నాడు. వేశాం. కొమ్మ తగిలినప్పుడల్లా గోధుమరంగు పొడి రాలుతోంది. సరుగుడు కూడా పూస్తుందని నాకు ఆ క్షణం దాకా తెలియదు. మామిడి పూతను తప్పించుకుని అన్ని గంటలు ప్రయాణం చేసింది సరుగుడు పూత కింద పడుకోవడానికన్నమాట.

అప్పన్న చిన్నికి దడి చూపించి ఒకటే మాట చెప్పాడు. "ఆరింటికి ఇడిసేస్తాం పాపా. ఎండొస్తే పిల్లలు తాళవు. నువ్వొచ్చినా రాకపోయినా నాను ఆగను."

చిన్ని నావైపు చూసింది. నా ముక్కువైపు, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే.

పులిహోర తిని, బిళ్ళ వేసుకుని పడుకున్నాను. అయిదుంపావుకు చిన్ని లేపింది. అప్పటికే చెప్పులు వేసుకుని ఉంది. అయిదున్నరకు గుడారం బయట కాలు పెట్టాం. ఒంటి తుమ్ము. నాన్న అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు. "కూకోండి, కూకోండి." కూర్చున్నాం. నీళ్ళు తాగాం. లేచాం. మళ్ళీ తుమ్మాను. వెంటనే రెండోది కల్పించి "హాఛ్" అన్నాను.

"అది దొంగ తుమ్మురా" అన్నాడు నాన్న. "నలభయ్యేళ్ళగా ఇంటన్నాను. నాకు తెల్దేటి?"

మళ్ళీ కూర్చున్నాం. అయిదూ యాభై. చిన్ని నీళ్ళ గ్లాసు పట్టుకుని సముద్రంవైపే చూస్తోంది. నా ముక్కు మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు పద్మ లేచింది. "మావయ్యా, మనం బయల్దేరినది నిన్న పదకొండు గంటలకి. ఇది ఆ పయాణమే. ఇంకా అవనేదు. మజ్జిలో వచ్చిన తుమ్ముకి లెక్కేటి?"

నాన్న ఊళ్ళో తగువులు తీర్చే పెద్దమనిషి. న్యాయం ఉన్న వాదన కాదనలేడు. గ్లాసు కింద పెట్టాడు. "అదీ నిజమే" అన్నాడు. ఇంత మంచి పాయింటును పద్మ పెళ్ళైన పదమూడేళ్ళుగా ఎందుకు దాచుకుందో నాకు తెలియదు. అందరం పరుగెత్తాం.

దడి దగ్గరికి చేరేసరికి ఆరూ పది. పిల్లల్ని మోసుకెళ్ళిన బుట్టలు ఖాళీ. ఇసుక మీద చిన్న చిన్న జాడలు అలల దాకా వెళ్ళి ఆగిపోయాయి. చిన్ని నిలబడిపోయింది. అప్పన్న మా ముఖాలు చూసి దడి లోపలికి వెళ్ళి, అరచేతిలో ఒకదాన్ని పట్టుకొచ్చాడు. "ఇది ఆకర్న పైకొచ్చినాది. రా పాపా, ఇడిసేద్దుం."

అగ్గిపెట్టె కంటే చిన్నది. అప్పన్న ఇసుకలో గీసిన గీత దగ్గర చిన్ని మోకాళ్ళ మీద కూర్చుంది. అప్పన్న దాన్ని ఇసుక మీద పెట్టాడు. అది తల ఎత్తింది, ముందు కాలు కదిపింది. సరిగ్గా అప్పుడు నేను తుమ్మాను.

ఒక్కటే.

నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇంకోటి తుమ్మరా" అన్నాడు గుసగుసగా. "దానికిదే మొదటి పయాణంరా. తుమ్మరా బాబూ." జీవితంలో మొదటిసారి ఆయన నన్ను తుమ్మమని బతిమాలాడు. నెల రోజులుగా ఆగని ముక్కు ఇప్పుడు శుభ్రంగా ఆగిపోయింది. సూర్యుడివైపు చూశాను, ముక్కులో తువ్వాలు కొస పెట్టుకున్నాను. రాలేదు.

తాబేలు పిల్ల పాకుతూ వెళ్ళింది. అల వచ్చి దాన్ని ఎత్తి వెనక్కి విసిరింది. అది కదలకుండా ఉండిపోయింది. చిన్ని "తాతా!" అంది. మరో అల వచ్చి దాన్ని పూర్తిగా కప్పేసింది. నీళ్ళు తగ్గాక అది మెల్లగా తల తిప్పింది, మళ్ళీ బయలుదేరింది. మూడో అలతో వెళ్ళిపోయింది.

"సూసినారా!" అని అరిచాడు నాన్న. "ఆగినాది, కూకున్నాది, నీళ్ళు తాగినాది, అప్పుడెల్లినాది! ఇసకలో పుట్టిన పిల్లకున్న గ్నానం మీకు నేదు." కండువాతో కళ్ళు తుడుచుకుంటూ ఇసుక పడిందన్నాడు. చిన్ని నవ్వుతూనే ఏడ్చింది. నాకూ కళ్ళు నీళ్ళయ్యాయి. అది ఎలర్జీ అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

మీరు వెళ్ళదలిస్తే ఉగాది ముందే వెళ్ళండి, అయిదున్నరకల్లా దడి దగ్గర ఉండండి, సరుగుడు తోట జోలికి పోకండి.

తొమ్మిదింటికి శ్రీకాకుళం బస్సు వచ్చి ఆగింది. తర్వాతది పదింటికి. నాన్న ఒక కాలు మెట్టు మీద పెట్టి "ఎక్కండి, ఎక్కండి" అంటున్నాడు. నేను తుమ్మాను. ఆయన వినబడనట్టు ఊరుకున్నాడు. చిన్ని మాత్రం రోడ్డు పక్కన గుడారం మూట మీద కూర్చుండిపోయింది.

"తాతా, ఒంటిది. ఇది ఇంటికెళ్ళీ పయాణం, కొత్తది."

నాన్న పద్మవైపు చూశాడు. పద్మ సీసా మూత తీసి చిన్నికి ఇచ్చింది. చిన్ని ఒక్కో గుటకా తాగుతూ సముద్రంవైపు చూస్తోంది.

"ఎంతసేపు తాగుతావే ఆ నీళ్ళు?" అన్నాడు నాన్న.

"తాబేలు పిల్ల ఎంతసేపు తాగింది తాతా?"

ఆయన మెట్టు మీంచి కాలు తీసి వచ్చి, మనవరాలి పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. సీసా అందుకున్నాడు. బస్సు వెళ్ళిపోయింది. ఇంకో గంటసేపు మేం నలుగురం సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాం. నా ముక్కు వల్ల మా ఇంట్లో ఒకరికి మేలు జరగడం అదే మొదటిసారి.