రేకుల ఇంట పొంగిన పాలు

పొయ్యి రాజనిదే ఇల్లు ఇల్లు కాదని భాగీరథమ్మ నమ్మకం. గడప దాటిన తొలి ఉదయం పాలు పొంగించాలి. పాలు తూర్పునకు పొంగితే ఇంటిని కాచే దేవుడు వాస్తోష్పతి ప్రసన్నుడై ఆ ఇంట ఆసీనుడవుతాడు. కూర్చున్న దేవుడు అంత తేలికగా లేవడు. చింతామణి ఊరి పక్కనున్న పుట్టింట తల్లి నేర్పిన ఆచారమది. ఆ ఆచారమే ఆమెను నలుగురిలో దోషిని చేసింది.

ఆమె పట్నాన బళేపేటలో గాజుల అంగడిలో పనిచేసేది. రంగురంగుల గాజులను డజన్ల లెక్కన దారానికి గుచ్చి కట్టడం ఆ పని. భర్త మునినారాయణప్ప అదే పేటలో మూటలు మోసి మోసి, రొమ్ము చెడి, ఇంటిపట్టున ఉండిపోయినవాడు. సర్కారు ఇళ్ళ బోర్డువారు ఏనాడో పేదలకై కట్టించిన క్వార్టర్సులో, నేల అంతస్తున వారికొక గది, ఒక వంటిల్లు. ఆ కట్టడానికి మనుషుల కంటె ముందు ముసలితనం వచ్చింది. గోడలు చెమ్మ తాగి ఉబ్బాయి. మెట్ల కింద కమ్ములు తుప్పుపట్టి ఎముకల వలె పైకి తేలాయి. తొంభై ఎనిమిదిలో ఒకనాడు పై అంతస్తులో కప్పు పెచ్చు ఊడి, అక్కడ కాపురమున్న వెంకటేశప్ప మంచం మీద పడింది. దైవకృప, అప్పుడాతడు కొళాయి దగ్గర ఉన్నాడు.

అటుపై బోర్డు ఇంజినీరు రాజగోపాల్ కట్టబోయే ఇళ్ళ రంగుల బొమ్మలు పట్టుకొని వచ్చాడు.

"సింగపూర్ చూడండి. ఇంకా ఎన్నో దేశాల్లో పాత క్వార్టర్సును ఇట్లాగే పడగొట్టి కొత్తవి కట్టినారు. రెండేళ్ళు షెడ్లలో ఓర్చుకోండి, చాలు."

ఓర్చుకోవడం వారికి కొత్త విద్య కాదు. అందరూ తలలూపారు. ఎదుటి మైదానంలో వరుసగా రేకుల షెడ్లు లేచాయి. సామాను దించుకున్న మరునాడు, తెల్లవారకముందే, భాగీరథమ్మ వాకిలి కడిగి, ముగ్గు పెట్టి, సీమనూనె స్టవ్వు మీద పాలగిన్నె ఎక్కించింది. పాలు చక్కగా తూర్పునకే పొంగాయి. ఆమె చేతులు జోడించింది.

పక్క షెడ్డు సావిత్రమ్మ బిందెతో పోతూ చూసి నోరు నొక్కుకుంది. "అయ్యో అక్కా! నాలుగు దినాలుండే రేకులకు పాలు పొంగిస్తావా? ఇంక దేవుడు ఈడే కూర్చుంటాడు, మనమూ ఈడే కూర్చుంటాం!"

చుట్టూ నవ్వులు. భాగీరథమ్మా నవ్వింది. చేతికి అలవాటైన భక్తి బుద్ధిని అడిగి కదలదు కదా.

పాత గోడలు నెలలోపే నేలకూలాయి. కొత్త స్తంభాలు మనిషెత్తు లేచాయి. అంతలో గుత్తేదారుకూ బోర్డుకూ చెడి వ్యవహారం కోర్టుకెక్కింది. స్తంభాల తలల మీది కమ్ములు ఎండకు ఎండి, వానకు నాని, ఎర్రబడ్డాయి. ఎండాకాలం రేకుల కింద మనుషులు పెనం మీది గింజల వలె వేగారు. అట్లా ఏండ్లు దొర్లాయి. మొదటి సంవత్సరపు పరిహాసం మూడవ సంవత్సరానికి నింద అయింది. పసుపు కుంకుమలకు భాగీరథమ్మను పిలవడం మానారు. కొళాయి దగ్గర ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి.

బదిలీ అయి పోతూ రాజగోపాల్ ఒకసారి వచ్చి నిజం చెప్పాడు. "ఆ దేశాల్లో కొత్త ఇల్లు తయారైనాకే పాత ఇంట్లోంచి మనుషుల్ని కదుపుతారమ్మా. మనవాళ్ళు ముందే కదిపినారు. తప్పు అక్కడ జరిగింది."

"ఆ సింగపూరోళ్ళు పాలు తాగను మాత్రమే కొంటారేమోలే," అన్నాడు మునినారాయణప్ప దగ్గుతూ. ఎవరూ నవ్వలేదు. ఇంజినీరు మాట ఆమెకు వినబడింది గాని ఊరట కలిగించలేదు. కోర్టు ఎక్కడిదో, పాలు పొంగించిన చెయ్యి తనది.

ఆవాహనం చేసిన దేవతకు ఉద్వాసన చెప్పడం పూజలో ఉన్నదే. మరి ఇంట కూర్చున్న దేవతకు? పొయ్యి వెలగని ఇంట దేవుడు నిలవడని ఆమె తలపోసింది. ఆనాటినుండి స్టవ్వు లోపల వెలిగించలేదు. షెడ్డు బయట మూడు రాళ్ళు పెట్టి, చితుకులు ఏరి, అక్కడే వంట. బళేపేట నుండి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, గాలికి పొయ్యి ఆరితే ఊది, ఊది, కళ్ళు ఎర్రచేసుకునేది. ఇరుగుపొరుగు చూశారు, ఎందుకో గ్రహించారు, వద్దని మాత్రం అనలేదు.

రెండువేల మూడు ఆషాఢంలో ముసురు పట్టింది. మునినారాయణప్పకు జ్వరం, రెండు పూటలుగా కడుపులో ఏమీ లేదు. సాయంకాలం ఆమె గొడుగు పట్టి ముమ్మారు నిప్పు రాజేసింది, ముమ్మారూ వాన ఆర్పింది. లోపలినుండి అతడు సన్నగా పిలిచాడు.

"భాగీరథీ, లోపలికి రావే. దేవుడు లేస్తాడో లేదో గానీ, నేను ఈ లోకంనుంచి లేచేటట్టు ఉండాను."

"అట్లా అనొద్దప్పా," అందామె.

కాసేపు వానలోనే నిలుచుంది. ఎదుట బోసి స్తంభాలు తడుస్తున్నాయి. అక్కడికి మళ్ళీ పోగలమన్న ఆశ కోసమే కదా ఇన్నాళ్ళు ఈ పొగ. ఆశకు అన్నం పెట్టి మనిషిని పస్తుంచడం ఏ ధర్మం? ఆమె తడిసిన గిన్నె ఎత్తుకొని లోపలికి నడిచింది. స్టవ్వు బూజు దులిపి, వత్తులు ఎగదోసి, అగ్గిపుల్ల గీసింది. నీలిమంట నిలిచింది. గంజి ఉడకసాగింది.

వాకిట నీడ పడింది. సావిత్రమ్మ, నెత్తిన గోనెపట్టా, చేతిలో బియ్యం గిన్నె.

భాగీరథమ్మ లేవలేదు. "తిట్టేదానికి వచ్చినావా? తిట్టు. పొయ్యి ఇంక లోపలే. మీరంతా ఈడే ఉండిపోతే ఆ పాపం నాదే అనుకోండి."

సావిత్రమ్మ నీలిమంటను చూసింది, మంచం మీది మనిషిని చూసింది.

"మా రేకు కారి స్టవ్వు తడిసిపోయిందక్కా. పిల్లోళ్ళు ఆకలికి ఏడస్తా ఉండారు." తల వంచి, "ఎట్లాగూ ఈడే ఉండాము కదా," అంది.

"గంజి దించనీ," అంటూ భాగీరథమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.